ఒకే డబ్బాలో ఐదు సీసాలు

ఆ ఇంట్లో ఏ రెండు సీసాలైనా అడుక్కి వచ్చాయంటే, వాటిని ఒకటి చేసేదాకా ఇంటావిడకి నిద్ర పట్టేది కాదు. స్నానాల గదిలో షాంపూ మూడు రంగుల చారలతో ఉండేది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ఏ వాసన ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒక ఏడాది మిగిలిపోయిన గోడ రంగులన్నీ బకెట్లో పోసి కలిపి వంటింటికి వేయించింది. ఆ రంగుని ఏమని పిలవాలో తోచక రంగుల కొట్టాయన మూడు రోజులు తిండి మానేశాడని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే వీధి మొత్తం ఆవిడని సీసాలమ్మ అనేది. ఆవిడా ఆ పేరుకి నవ్వుతూ పలికేది.

ఆవిడ మొగుడు ముప్పై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. అందరూ మేస్త్రి అంటారు. పక్క వీధిలో బస్సు హారన్ వింటే చాలు, ఆ బస్సుకి ఎన్నో చక్రంలో గాలి తగ్గిందో మంచం మీద నుంచే చెప్పేవాడట. ఈ మాట చెప్పేది ఎక్కువగా ఆయనే.

వాళ్లకి ఒక్కగానొక్క కూతురు, అమ్మడు. చల్లటి గదిలో కూర్చుని చేసే ఆఫీసు ఉద్యోగం మానేసి, పాత వ్యాను ఒకటి కొనుక్కుని డ్రైవరయింది. ఆ రోజు మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. "నేను బండ్ల కింద పడుకుని నిన్ను చదివించింది నువ్వు బండెక్కి తిరగడానికా?" అన్నాడు. "బండంటే అంత చిన్నతనమైతే నువ్వెందుకు పడుకున్నావు నాన్నా?" అంది అమ్మడు. అంతే. ఎనిమిది నెలలైంది, తండ్రీ కూతుళ్లు ఒకరితో ఒకరు మాట్లాడి.

ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోకపోవడం చాలా కష్టమైన పని. ఆ కష్టమంతా సీసాలమ్మే పడేది.

"అమ్మా, గేటుకి అడ్డంగా స్కూటరు పెట్టారని నాన్నకి చెప్పు."

నాన్న మూరెడు దూరంలో నిలబడి పళ్లు తోముకుంటున్నాడు.

"తీస్తున్నానని చెప్పవే."

"తీస్తున్నారటే."

"విన్నాను."

ఆ రోజూ అలాగే తెల్లారింది. అమ్మడు షెడ్డులోకి వెళ్లి, అరలో ఉన్న ఐదు లీటర్ల డబ్బా తీసి, వ్యానులో తగ్గిన ఇంజనాయిలు పోసుకుంది. మేస్త్రి స్కూటరు పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. ఆ పాత బండి వారానికింత నూనె తాగుతుంది. మిగిలిన డబ్బాని సీటు వెనక పెట్టుకుంది. కంటి ఆపరేషన్ అయిన ఆరుగురు ముసలివాళ్లని కొండ మీద ఆసుపత్రికి తీసుకెళ్లి కట్లు విప్పించుకు రావాలి. సీసాలమ్మ రొట్టెముక్కలు పొట్లం కట్టి కిటికీలోంచి అందించింది. ఒక్కో కంటికి కట్టు కట్టుకున్న ఆరుగురినీ ఎక్కించుకుని నీలం వ్యాను సందు మలుపు తిరిగిపోయింది.

ముప్పావుగంట తర్వాత మేస్త్రి స్కూటర్లో నూనె పోద్దామని షెడ్డులోకి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అరలో సీసాలేవే?"

"ఏ సీసాలండీ?"

"నూనె సీసాలు. ఇంజనాయిల్ సీసాలు."

"ఓ, అవా!" సీసాలమ్మ మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నదానిలా చేతులు తుడుచుకుంది. "మూడు రోజులైంది. అన్నీ అడుగూ బొడుగూ మిగిల్చి అర నిండా మీరే పేర్చారు! అమ్మడి పెద్ద డబ్బాలో సగం ఖాళీగా ఉంటే దాంట్లో పోసేశాను. చూడండి, అర ఎంత శుభ్రంగా ఉందో."

మేస్త్రి మొహాన నెత్తురు చుక్క లేదు.

"అన్నీనా?"

"అన్నీ."

"ఐదూనా?"

"ఐదూ. లెక్క తప్పుతానా?"

"చిన్న సీసా... మూల ఉన్నది, కాగితం అంటించి లేనిది... అదీనా?"

"అదే ముందు పోశాను. గ్లాసుడుంది. పారబోయడానికి మనసొప్పలేదు."

మేస్త్రి ద్వారబంధాన్ని పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ద్వారబంధాన్ని పట్టుకోవడం ఆవిడ చూడలేదు. ఇంట్లోకి పాము వచ్చినప్పుడు కూడా నడుం మీద చేతులు పెట్టుకునే నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"ఏమైందా! ఒకటేమో ఐదు డబ్ల్యూ ముప్పై, ఒకటేమో పదిహేను నలభై, రెండేమో ఇరవై యాభై! ఒకటి నీళ్లలా పల్చన, ఒకటి తేనెలా చిక్కన. ఏ ఇంజనుకి ఏది పొయ్యాలో డబ్బా మీద రాసి చస్తారు గదే! అన్నీ కలిపి పోస్తే ఇంజను ఏమవుతుంది?"

"ఏమవుతుంది?"

"పట్టేస్తుంది!"

"పట్టేస్తే?"

మేస్త్రి చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాడు. నడికొండలో ఇంజను పట్టేస్తే స్టీరింగు బండరాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు తొక్కితే గోడని తన్నినట్టుంటుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

చేతిలో ఉన్న గ్లాసు ఎక్కడ పెట్టిందో సీసాలమ్మకి తెలీదు. ఫోను అందుకుని కూతురికి చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. కొండ ఎక్కడం మొదలైతే అక్కడ ఫోన్లు పలకవని ఆవిడకి తెలుసు. తెలిసీ పదకొండుసార్లు చేసింది.

"నా చేతులతో నేనే పోశాను," అంది. "నా చేతులతో నేనే..."

"ఎక్కు!" అని అరిచాడు మేస్త్రి. స్కూటరు అప్పటికే గేటు దాటింది.

ఆ స్కూటరు వయసు అమ్మడి వయసు కంటే రెండేళ్లు ఎక్కువ. మామూలుగా దాన్ని సైకిళ్లు దాటిపోతాయి. ఆ పొద్దున మాత్రం అది కార్లని దాటింది, లారీని దాటింది, ఊరి చివర వంతెన మీద ఒక అంబులెన్సుని కూడా దాటింది. అంబులెన్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఎవరికండీ బాలేదు?" అని అడిగాడు. జవాబు చెప్పే తీరిక ఇద్దరికీ లేదు.

వెనక సీటు మీద సీసాలమ్మ పళ్లు గిట్టకరుచుకుని కూర్చుంది. కళ్లు మూస్తే నీలం వ్యాను గాల్లో తేలుతూ కనిపిస్తోంది. కళ్లు తెరిస్తే రోడ్డు మీదున్న ప్రతి నూనె మరకా కూతురి బండిదే అనిపిస్తోంది. పురిటి నొప్పుల్లో కూడా ఇంత భయపడలేదు. అప్పుడు బిడ్డ బయటికి వస్తోందని తెలుసు.

కొండ కింద పెట్రోలు బంకు దగ్గర స్కూటరు ఆగింది. పెట్రోలు పోయించుకుంటూ కూడా మేస్త్రి నోరు ఆగలేదు.

"షాంపూలు కలిపావు, ఊరుకున్నాను. రంగులు కలిపావు, ఊరుకున్నాను. ఏనాడైనా ఒక్క మాట అన్నానా? బండి సామానులో నీ చెయ్యి ఎందుకు పెట్టావే? అడగాలని తెలీదూ?"

"ఎవర్ని అడగను?" సీసాలమ్మకి ఒక్కసారిగా అరికాలి మంట నెత్తికెక్కింది. "దాన్నడిగితే నాన్నవి అంటుంది. మిమ్మల్నడిగితే దానివి అంటారు. ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో ఏ వస్తువు ఎవరిదో నాకు తెలిస్తే కదా! మీరిద్దరూ నోరు విప్పి మాట్లాడుకుని ఉంటే, పొద్దున అది డబ్బా తీస్తున్నప్పుడు అమ్మడూ ఆ నూనె ఏంటని మీరే అడిగేవారు. పక్కనే ఉన్నారు గదా! చూస్తూ నిలబడ్డారు గదా!"

పెట్రోలు పోస్తున్నతను గొట్టం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

సీసాలమ్మ గబగబా బంకు లోపలి కొట్టులోకి పోయి, బల్ల మీద చెయ్యి చరిచి, "ఐదు డబ్ల్యూ ముప్పై! సీలు తియ్యనిది!" అంది. జీవితంలో మొదటిసారి ఆవిడ నోట ఆ అంకెలు పలికాయి. అమ్మడి బండికి ఏది పొయ్యాలో దారి పొడుగునా మొగుడు అరిచిన అరుపులకి అవి గుండెలో అచ్చయిపోయాయి. కొత్త డబ్బాని ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని స్కూటరెక్కింది.

కొండ దారి మొదలైంది. ప్రతి మలుపులోనూ ఆవిడ లోయలోకి తొంగి చూసింది. ఒకచోట కింద చెట్ల మధ్య నీలంగా ఏదో మెరిసింది. మొగుడి చొక్కా పట్టుకు గుంజింది. ఎవరో ఆరేసిన టార్పాలిను అది. ఇంకో మలుపులో రోడ్డుకి అడ్డంగా నల్లటి టైరు చారలున్నాయి. మేస్త్రి స్కూటరు ఆపి, దిగి, చారల్ని వేలితో తాకాడు. "లారీవి. పాతవి," అన్నాడు. మళ్లీ ఎక్కాక స్కూటరు ఊగింది.

"ఏమండీ, నిజం చెప్పండి. చాలా ప్రమాదమా?"

ఆయన స్కూటరు వేగం పెంచాడు.

పద్నాలుగో మలుపు తిరగ్గానే వ్యాను కనిపించింది.

రోడ్డు పక్కన పిట్టగోడకి ఆనుకుని ఆగి ఉంది. బానెట్టు లేచి ఉంది. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. లోపల ఒక్కరూ లేరు.

స్కూటరు ఇంకా ఆగకముందే సీసాలమ్మ దూకేసింది. మోకాలు చీరుకుంది, తెలీలేదు. వ్యానులో తల పెట్టి చూసింది. సీట్ల మీద చేతి సంచులు, ఒక చేతికర్ర, సగం తిన్న రొట్టెముక్క. మనుషులేరి? పిట్టగోడ దగ్గరికి వెళ్లాలి, కిందికి చూడాలి. రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. అక్కడే రోడ్డు మీద కూలబడి, "అమ్మడూ!" అని అరిచింది. ఆ అరుపుకి ఎదురు కొండ మీద పిట్టలన్నీ ఒకేసారి లేచాయి.

"ఏంటమ్మా?"

కొండ వైపు గట్టు వెనక నుంచి అమ్మడు వచ్చింది. ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో తుండుగుడ్డ. వెనకాలే ఒంటి కట్ల ముసలివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని రైలు పెట్టెల్లా వచ్చారు.

"పెద్దాయనకి కడుపులో తిప్పింది, వాంతయింది. నీడలో కూర్చోబెట్టాను. ఎలాగూ ఆగాను కదా అని ఇంజను చల్లారనిద్దామని బానెట్టు లేపాను. నువ్వేంటి ఇక్కడ? ఆ మోకాలేంటి?"

సీసాలమ్మ కూతురి కాళ్లు రెండూ చుట్టేసుకుంది. కరువుదీరా ఏడ్చింది. ఏడుపు మధ్యలో సీసాలూ, డబ్బా, అంకెలూ, లోయా అన్నీ కలగాపులగంగా చెప్పింది.

అమ్మడు అంతా విని నొసలు ముడిచింది.

"గ్రేడులు కలిస్తే ఇంజను పట్టేస్తుందని ఎవరు చెప్పారమ్మా నీకు? పల్చనిదీ చిక్కనిదీ కలిస్తే మధ్యరకంగా తయారవుతుంది. చెయ్యకూడని పనే. చలిలో స్టార్టవడానికి మొరాయిస్తుంది, కొంచెం ఎక్కువ తాగుతుంది. అంతేగానీ గంటలో కొంప మునగదు. ఈ సంగతి డిపోలో ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు." అప్పుడు తల తిప్పి తండ్రిని చూసింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నేరుగా ఆయన కళ్లలోకి చూసింది. "నీకు తెలీదా నాన్నా? అమ్మని ఇంతలా ఎందుకు భయపెట్టావు?"

మేస్త్రి స్కూటరు స్టాండు కూడా వేయకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఐదో సీసా," అన్నాడు.

"ఏంటది?"

"అది ఇంజనాయిలు కాదమ్మా. బ్రేకాయిలు. పోయిన నెల పక్కింటాయన కారు బ్రేకులు చూసినప్పుడు తీసిన పాతది. ఖాళీ సీసా కనబడితే దాంట్లో పోసి మూల పెట్టాను. కాగితం అంటించలేదు. నాకు తెలుసులే అనుకున్నా." ఆయన లేచి ఉన్న బానెట్టు వంక చూశాడు. "బ్రేకాయిలు ఇంజన్లోకి పోతే రబ్బర్లన్నీ తినేస్తుంది. నూనె జావలా అయిపోతుంది. అప్పుడు నిజంగానే పట్టేస్తుంది. డిపోలో కుర్రవాళ్లు ఇలా కాగితం లేని సీసా పెడితే తిట్టి పంపేసేవాణ్ని. నా ఇంట్లో నేనే పెట్టాను. మీ అమ్మ చేసిందాంట్లో ఏమీ లేదు. నేను పెట్టింది... నేను..."

రోడ్డు మీద కూర్చున్న సీసాలమ్మ ఏడుపు ఆపి మొగుడి వంక చూసింది. ఇంటి గడప నుంచి పద్నాలుగు మలుపుల దాకా ఆయన తన మీద అరిచిన అరుపులన్నీ ఆవిడకి మళ్లీ వినిపించాయి. ఆ అరుపులు ఆయన తన మీద తానే అరుచుకున్నవని ఇప్పుడు తెలిసింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ముందు భయం పోవాలి.

"అయితే ఇప్పుడు బండిలో బ్రేకాయిలు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది.

కడుపులో తిప్పిన పెద్దాయన మెల్లగా వ్యాను దగ్గర నుంచి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

మేస్త్రి స్కూటరుని గోడకి ఆనించాడు. "డబ్బా ఉందా?" అన్నాడు, కూతురితోనే.

"సీటు వెనక."

"పొద్దున పోసే ముందు కదిపావా?"

"లేదు. ఉన్నదున్నట్టు వంచి పోశాను. లీటరు పట్టింది."

"బ్రేకాయిలు బరువెక్కువ. ఇంజనాయిల్లో కలవదు, అడుక్కి పోతుంది. మూడు రోజులు కదలకుండా ఉంది గనక అడుగునే కూర్చుని ఉండాలి. నువ్వు పోసింది పైది." ఆయన ఆ మాటలు కూతురికి చెబుతున్నట్టు లేదు, దండం పెడుతున్నట్టుంది. "తేట సీసా కావాలి. అద్దంలా లోపలున్నది కనబడేది."

"నీళ్ల సీసాలున్నాయి కదా!" అంది అమ్మడు. "తాతయ్యలూ మామ్మలూ, మీ సీసాల్లో నీళ్లు గబగబా తాగేయండి!"

"ఇప్పుడే తాగాను డ్రైవరమ్మా, పొట్ట పగిలిపోతుంది," అంది ఒక మామ్మ.

"నీ పొట్ట పగిలితే కుట్టిస్తాం గానీ తాగు!" అన్నాడు పక్కనున్నాయన.

నాలుగు సీసాలు ఖాళీ అయ్యాయి. డబ్బాని కదపకుండా, బిడ్డకి ఉగ్గుపోసినంత నెమ్మదిగా తండ్రి వంచుతుంటే కూతురు సీసాలు పట్టింది. మొదటి మూడూ నల్లగా నిండాయి. నాలుగోదాంట్లో అడుగున మిగిలిందంతా పోసి గోడ మీద నిలబెట్టారు.

అప్పుడు మొదలైంది ఎదురుచూపు. దారిలో కుదుపులకి అడుగున ఉన్నది నూనెతో కలగలిసి మసకమసకగా ఉంది. ఎనిమిదిమంది మనుషులు, ఆరుగురు ఒంటి కన్నుతోనూ మిగతావాళ్లు రెండు కళ్లతోనూ, ఒక ప్లాస్టిక్ సీసా వంక రెప్పవేయకుండా చూశారు. సీసాలమ్మ ఎనిమిదిమందిలో లేదు. ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. ఒక్క ఊపిరి తీసి వదిలేలోపు ఏడాది గడిచినట్టుంది.

"విడిపోతోంది," అంది అమ్మడు.

సీసాలమ్మ వేళ్ల సందులోంచి చూసింది. నల్లటి నూనె కింద, పలచని టీ రంగులో ఒక పొర నెమ్మదిగా పేరుకుంటోంది. పెరిగింది, ఇంకా పెరిగింది, ఆగింది.

మేస్త్రి వంగి, సీసాకి కన్ను ఆనించినంత దగ్గరగా చూశాడు. "ఏమే, ఎంత పోశానన్నావు?"

"గ్లాసుడు."

"గ్లాసుడూ ఇక్కడే ఉంది," అని, గోడ మీద కూర్చుండిపోయాడు. "బండిలోకి పోలేదు. పోలేదు."

ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. ఎందుకో సగంమందికి తెలీదు.

మేస్త్రి కాసేపటికి తేరుకుని, "ఇక భయం లేదు. ఆ పైన పోసిన లీటరు కొంచెం తేడా గ్రేడే గానీ ఆసుపత్రి దాకా దివ్యంగా పోవచ్చు. బయల్దేరదాం," అన్నాడు.

"వద్దు," అంది అమ్మడు.

"చెబుతున్నా కదా..."

"చుక్క పడిందేమోనన్న అనుమానం ఉన్నా చాలు నాన్నా. ఆరుగురు నన్ను నమ్మి ఎక్కారు. నూనె మొత్తం వదిలేసి, కొత్తది పోసేదాకా బండి కదలదు. కట్లు గంట ఆలస్యంగా విప్పినా కళ్లెక్కడికీ పోవు."

తండ్రి మాటకి కూతురు అడ్డం చెప్పిన ఆ రోజు ఏమైందో సీసాలమ్మకి గుర్తే. మేస్త్రి కూతురి వంక చూశాడు. మసిగుడ్డ నడుముకి చుట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, బండికి అడ్డంగా నిలబడి ఉంది ఆ పిల్ల.

"ముప్పై ఒక్క ఏళ్లలో డిపోలో ఇంత మాట చెప్పిన డ్రైవరు నాకు ఒక్కడు దొరకలేదు," అన్నాడు. "పదిహేడు నంబరు స్పానరుందా?"

"ఉంది నాన్నా."

"బకెట్టు?"

"ఉంది."

"అయితే ఇటివ్వు."

"నువ్వు కింద దూరొద్దు. నడుం పట్టేస్తుంది. నేను దూరతాను, నువ్వు అందించు."

రిటైరైన మేస్త్రి పనిముట్లు అందించాడు. కూతురు వ్యాను కింద పడుకుని నట్టు విప్పింది. "ఎడమకి తిప్పమ్మా, వేడిగా ఉంటుంది, చెయ్యి జాగ్రత్త," అంటూ ఆయన రోడ్డు మీద బోర్లా పడుకుని లోపలికి చూశాడు. సీసాలమ్మ తెచ్చిన కొత్త డబ్బా సీలు తీసి తానే అందించింది. అందించే ముందు దాని మీద అంకెలు రెండుసార్లు పైకి చదివింది.

బండి స్టార్టయింది. అమ్మడు కిటికీలోంచి అడిగింది. "ఎలా ఉంది నాన్నా చప్పుడు?"

"నువ్వే విను. బండి నీది, నీకే తెలుస్తుంది."

అమ్మడు చెవి పెట్టి విని, తల ఊపింది. ముసలివాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఎక్కారు. నీలం వ్యాను ముందు, స్కూటరు వెనక, మెల్లగా కొండ ఎక్కసాగాయి. స్కూటరు మీదున్న మొగుడూ పెళ్లాల్లో ఎవరూ ఇంటికి తిరిగి పోదామనలేదు.

సీసాలమ్మ మొగుడి వీపు మీద చెంప ఆనించింది. మనసులో ఆయన్ని అనవలసిన మాటలు చాలానే పోగయ్యాయి. ఒక్కొక్కటీ వరసగా పేర్చుకుంది. అంతలో ఆయన వీపు కదలడం తెలిసింది. కాస్త ఆగి, మళ్లీ కదిలింది.

"ఏమండీ, కంట్లో ఏమన్నా పడిందా?"

"లేదు," అన్నాడు మేస్త్రి. "ఏడుస్తున్నాను. నువ్వు గట్టిగా పట్టుకో."

ఆవిడ పేర్చుకున్న మాటలన్నీ వదిలేసి, గట్టిగా పట్టుకుంది.